గడప లేని భవనం

కాయల సీజను అయిపోయి పద్దెనిమిది దినాలు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటుకి తాళం.
చేతుల మీద ఇంకా తోతాపురి సొన మరకలు,
గోళ్ల సందుల్లో పసుపు కాని పసుపు.
ఇంట్లో కూర్చుంటే కాళ్లు ఊరుకోవు.
చిత్తూరు చివర్న కట్టినారే కొత్త కళాభవనం,
దాన్ని చూసొద్దామని బయల్దేరినాను.

బస్సు దిగి తలెత్తితే
కొండవార ఒక చేట.
చెరుగుతా చెరుగుతా
గాల్లోనే నిలిచిపోయిన చేట.
కింద గింజల్లా మనుషులు.
ఇంత సిమెంటుకి
ఇంత తేలిక యాడ దొరికిందో!

చుట్టూ ఒక తిరుగుడు తిరిగినాను.
రెండోదీ అయింది.
మూడోది తిరిగితే ప్రదక్షిణం అయిపోతాదని
నిలబడి వాచ్‌మన్ని అడిగినాను:
"అబ్బా, దీనికి వాకిలి యాడుంది?"
చొక్కా మీద ఆయన పేరు, చెంగల్రాయులు.
"గోడనే తొయ్యమ్మా. అందురూ ఇదే అడగతారు.
నన్ను పెట్టింది వాకిలికి కాపలా కాదు,
వాకిలి చూపించేదానికి."

తోసినాను. గోడ తిరిగింది.
అలవాటుగా కుడికాలు పైకి లేసింది.
దాటేదానికి గడప లేదు.
లేసిన కాలు ఏం చెయ్యాలో తెలీక
గాల్లో రవ్వంత సేపు ఆలోచించి
నున్నటి రాతి మీద దిగింది.
మన కొండల రాయేనంట.
అద్దంలా అరగదీస్తే
నేనే గుర్తుపట్టలా.

లోపల మెట్లు లేవు.
జిలేబీ చుట్టలా ఒక దారి,
ఎక్కతా ఉండామని తెలీకుండానే ఎక్కిస్తాది.
పైకప్పు నిండా బొక్కలు.
మా ఫ్యాక్టరీ జల్లెడలో గుజ్జు దిగినట్టు
ఎండ దిగతా ఉంది,
పీచంతా పైనే ఉండిపోయి.
నేల మీద వెలుగు గుండ్రాలు గుండ్రాలు.
ముగ్గురు పిల్లోళ్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకతా,
నీడలో కాలు పడితే ఔటంట.
గ్రూప్ టూకి చదివే పిల్ల ఒకతి
వెలుగు జరిగే కొద్దీ కుర్చీ జరుపుకుంటా ఉంది.
నాటకాల హాల్లో ఎవురో హార్మోనియం బాగు చేస్తా
ఒకే మెట్టు, మళ్లీ అదే మెట్టు.
ఏసీ కింద ఇద్దరు ముసిలోళ్లు
పేపరు కప్పుకోని నిద్ర.
నిద్రపోరాదని బోర్డు యాడా లేదు.
అది నాకు నచ్చింది.

ఆ దారి కొసన ఒక వంపు గోడ.
ఈ చివర గుసగుసలాడితే
ఆ చివర వినపడతాదంట.
నాకు మాటంటే అరుపే.
మిషన్ల మోతలో పన్నెండేళ్లు
సైగల్తో నవ్వి, సైగల్తో తిట్టుకున్నదాన్ని.
మెల్లిగా చెప్పే మాట
ఒక్కటీ నోటికి తట్టలా.
దేవుడి పేరు చెప్దామా అనుకుంటే సిగ్గేసింది.
కడాకి గోడకి పెదాలానించి అన్నాను:
"ఈ యేడు కాపు తక్కువ."

కాసేపు ఏం లేదు.
ఆమీట గోడలో నుంచి,
నా చెవి పక్కనే చతికిలబడినట్టు,
ఎవురో మగమనిషి దగ్గి, నిదానంగా:
"మా పక్కా అంతేమ్మా.
పూత బాగానే వచ్చింది. నిలబడలా."

తల తిప్పి చూసినాను.
వంపు అవతల మనిషి కనపడలా,
తుండుగుడ్డ అంచు మాత్రం.
"రేటు?" అన్నాను.
గోడ ఒక నిట్టూర్పు విడిచింది.
రూపాయల్లో చెప్పలేదు గాని
నాకు లెక్క తెలిసిపోయింది.

బయటికొస్తే పొద్దు వాలతా ఉంది.
చేట నీడ రోడ్డు దాటి
టీకొట్టు దాకా పోయింది.
"చూసినావా?" అన్నాడు చెంగల్రాయులు.
"చూసినా. నువ్వా గోడ కాడికి పోయినావా ఎప్పుడన్నా?"
"నా డ్యూటీ లోపల కాదమ్మా.
పదకొండు నెలలుగా ఇదే కుర్చీ, ఇదే ఎండ."
"పోయి ఆ చివర చెవి పెట్టు, ఐదు నిమిషాలు."
"వాకిలి?"
"ఎవురికీ కనపడని వాకిలిని
ఎవురెత్తుకోని పోతారు?"

ఆరుంబావు బస్సు వచ్చింది, పోయింది.
మళ్లీ గోడ తోసినాను.
కాలు మళ్లీ లేసింది, దానికి బుద్ధి రాదు.
ఈ చివర నేను వంగి
ఏం చెప్దామా అని ఇంకా వెతుక్కుంటా ఉంటే
గోడే ముందుగా అడిగింది,
కొంచెం భయంగా, కొంచెం నవ్వతా:

"అమ్మా, ఉండావా?"